క్రైస్తవ కాలేజీ హాస్టల్లో బిడ్డను చేర్చే ముందు: చాపెల్, మెస్, డార్మిటరీ, గేటు

మీ ప్రశ్న క్లుప్తంగా ఇది. మీరుండేది భూపాలపల్లి. మీ బిడ్డకు కాజీపేట వైపు సిస్టర్లు నడిపే కాలేజీలో బీఎస్సీ సీటు వచ్చింది, హాస్టల్ కూడా అదే ఆవరణలో ఉంది. మీరు హిందువులు. రోజూ ప్రార్థనకు పంపిస్తారా, నలభై మంది పడుకునే డార్మిటరీలో ఉండగలుగుతుందా, ఏమేం సామాను కొనాలి, మెస్ బిల్లు ఎట్లా లెక్కేస్తారు, ఇంటికి ఎన్నాళ్లకోసారి పంపుతారు అని అడిగారు.

సూటిగా చెప్తాను అన్నగారూ: చేర్చండి. ప్రార్థన గురించి మీరు పడుతున్న భయం చాలామటుకు అనవసరం. ఇసుంటి హాస్టళ్లలో పిల్లలు నిజంగా ఇబ్బంది పడేది గంట దగ్గర, గేటు దగ్గర, ఫోను దగ్గర. ఆ మూడింటి నిబంధనలు ఫీజు కట్టకముందే అడగండి, కాగితం మీద తీసుకోండి. నోటిమాట మీద నమ్మకం పెట్టుకోవద్దు. ఎందుకంటే కాన్వెంట్లలో సిస్టర్లకు బదిలీలుంటాయి, ఎక్కువగా ఎండాకాలం సెలవుల్లో జరుగుతాయి. ఈ ఏడు "మీ అమ్మాయిని నెలకు రెండుసార్లు పంపుతాం లెండి" అన్న వార్డెన్ సిస్టరు వచ్చే జూన్‌కు వేరే ఊళ్లో ఉండొచ్చు. కొత్తగా వచ్చినావిడ పుస్తకంలో రాసి ఉన్నదే చూస్తారు.

ముందు చాపెల్ సంగతి

రాజ్యాంగం 30వ అధికరణం మైనారిటీలకు సొంత విద్యాసంస్థలు పెట్టుకుని నడుపుకునే హక్కు ఇచ్చింది. కాబట్టి ఆవరణలో చాపెల్ ఉండటం, అసెంబ్లీలో బైబిలు వాక్యం చదవటం, పొద్దున్నే కీర్తనలు వినపడటం వాళ్ల హక్కు, దాని మీద ఎవరూ పేచీ పెట్టలేరు. అదే రాజ్యాంగంలో 28వ అధికరణం మూడో క్లాజు ఇంకో మాట చెప్తుంది. ప్రభుత్వ గుర్తింపు ఉన్న, లేదా ప్రభుత్వ నిధులు అందుకునే విద్యాసంస్థలో చదివేవాళ్లను వాళ్ల సమ్మతి లేకుండా మతబోధకు గానీ ఆరాధనకు గానీ హాజరు కమ్మని అనకూడదు. మైనరైతే ఆ సమ్మతి ఇవ్వాల్సింది తల్లిదండ్రులు.

అసలు కిటుకు ఈ "సమ్మతి" దగ్గరే ఉంది. హాస్టల్ దరఖాస్తు వెనక పేజీలో, చిన్న అక్షరాల్లో, "హాస్టల్ దినచర్యలోని అన్ని కార్యక్రమాల్లో, ప్రార్థనతో సహా, పాల్గొంటాను" అనే తరహా వాక్యం కొన్ని చోట్ల ఉంటుంది. ఆ రోజు క్యూలో నిలబడి, చలానా చేతిలో పట్టుకుని, చదవకుండా సంతకం పెట్టేస్తారు. తర్వాత అడిగితే ఆ కాగితం చూపిస్తారు. అలాంటి వాక్యం కనబడితే గొడవ అక్కర్లేదు, దాని పక్కనే "ప్రార్థనకు హాజరు ఐచ్ఛికం" అని రాసి, తేదీ వేసి, సంతకం పెట్టండి. జిరాక్సు తీసుకుని ఇంట్లో పెట్టుకోండి. బిడ్డకు 18 నిండితే సంతకం ఆమెది, నిండకపోతే మీది.

ఆచరణలో ఏం జరుగుతుందంటే, క్యాథలిక్ కాలేజీల్లో క్యాథలిక్ పిల్లలకు సత్యోపదేశం (వాళ్ల మతబోధ తరగతి), మిగతావాళ్లకు నైతిక విలువల తరగతి అని వేర్వేరుగా పెట్టడం మామూలు. హాస్టల్లో పొద్దున దివ్యపూజకు క్రైస్తవ పిల్లలు వెళ్తారు, మిగతావాళ్లు ఆ గంటా స్టడీ హాల్లో కూర్చుని చదువుకోవాలి. ఇక్కడే చాలామంది పొరబడతారు. ప్రార్థన నుంచి మినహాయింపు అంటే పడుకోవడానికి మినహాయింపు కాదు. అయిదు గంటలకు గంట కొడితే అందరూ లేవాల్సిందే. "మా అమ్మాయిని చాపెల్‌కు పంపకండి" అని మీరు చెప్తే వింటారు, "ఆరున్నర దాకా పడుకోనివ్వండి" అంటే వినరు. అది మతం కాదు, క్రమశిక్షణ, అందులో వాళ్ల వైపే న్యాయం ఉంది.

క్రిస్మస్ కార్యక్రమానికో, కాలేజీ పండుగకో ఆమె తనిష్టంతో చాపెల్‌కు వెళ్తే తెలిసి ఉండాల్సినవి కొన్ని. అందరూ లేచినప్పుడు లేవాలి, కూర్చున్నప్పుడు కూర్చోవాలి. మోకరించడం, సిలువ గుర్తు వేసుకోవడం అక్కర్లేదు. క్యాథలిక్ పూజలో గురువు (ఫాదర్) సత్ప్రసాదం, అంటే పవిత్రం చేసిన అప్పం, ఇచ్చేటప్పుడు వరసలో నిలబడకూడదు. అది మన గుళ్లో ప్రసాదంలా వచ్చిన ప్రతివాళ్లకూ పంచేది కాదు, క్యాథలిక్ విశ్వాసం తీసుకుని సిద్ధపడినవాళ్లకే. తెలియక చెయ్యి చాపి, తర్వాత అందరూ తననే చూస్తున్నారని ఏడ్చే పిల్లలుంటారు. సి.ఎస్.ఐ. (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా), బాప్టిస్టు చర్చిల్లోనూ రొట్టె, ద్రాక్షరసం ఇచ్చే సంస్కారం వేళ బయటివాళ్లు తమ చోటనే కూర్చోవాలి.

ఇంకో భయం కూడా చాలామంది తల్లిదండ్రుల్లో ఉంటుంది, పైకి అడగరు: హాస్టల్లో ఉంటే, కీర్తనలు పాడితే కుల సర్టిఫికెట్‌కు ఏమైనా అవుతుందా అని. కాదు. హాస్టల్లో ఉన్నంత మాత్రాన, క్యారల్స్ పాడినంత మాత్రాన ఏదీ మారదు. మతం మారడమనేది వేరే సంగతి. ఎస్సీలు క్రైస్తవం తీసుకుంటే మన రాష్ట్రంలో వెనకబడిన తరగతుల్లోని బీసీ-సీ కిందికి వస్తారు. దానికీ హాస్టల్ వసతికీ సంబంధం లేదు.

సీనియర్లు నడిపే ప్రార్థన బృందాలు కొన్ని కాలేజీల్లో ఉంటాయి. రమ్మని పిలుస్తారు, వెళ్లడం వెళ్లకపోవడం మీ బిడ్డ ఇష్టం. ఒకసారి వద్దన్నాక కూడా పదే పదే వెంటపడితే వార్డెన్‌కు నోటితో చెప్పి ఊరుకోకండి, తేదీతో నాలుగు లైన్లు రాసి ఇవ్వండి. కాగితం వచ్చిందంటే ప్రిన్సిపాల్ దాకా పోతుంది. నిజానికి కాలేజీ యాజమాన్యాలు ఈ విషయంలో మనకన్నా ఎక్కువ జాగ్రత్తగా ఉంటాయి, చెడ్డపేరు వస్తుందని.

కుంకుమబొట్టు, గాజులు, శనివారం ఒక్కపొద్దు వంటివి సాధారణంగా ఎవరూ కాదనరు. దేవుడి ఫొటో చిన్నది సందుగ మూత లోపలో, అరలోనో పెట్టుకోవచ్చు. దీపం, అగర్‌బత్తి మాత్రం ఒప్పుకోరు, ఒప్పుకోకూడదు కూడా. దోమతెరలు కట్టిన నలభై మంచాల మధ్య నిప్పు అంటే ఊహించుకోండి.

గంట, గేటు, ఫోను

సిస్టర్లు నడిపే ఆడపిల్లల హాస్టళ్లలో రోజు కాస్త అటూ ఇటూగా ఇట్లా ఉంటుంది. 5 గంటలకు లేపుడు గంట, 6కు పూజ లేదా స్టడీ, 7:45కు టిఫిను, సాయంత్రం 5:30 కల్లా గేటు మూత, 6:30కు ప్రార్థన, 7 నుంచి స్టడీ అవర్, 8:30కు అన్నం, 10:30కు లైట్లు బంద్. రాత్రి అన్నం తర్వాత మౌనం పాటించాలన్న నియమం కొన్ని చోట్ల గట్టిగా ఉంటుంది. డిగ్రీ పిల్లలకు ఇది ఇంటర్ కార్పొరేట్ హాస్టల్ కంటే నయమనే అనిపిస్తుంది, ఎందుకంటే పగలు కాలేజీ టైం కాలేజీదే. కానీ ప్రాక్టికల్స్ సాయంత్రం దాకా ఉండే బీఎస్సీ వాళ్లకు 5:30 గేటు ఒక చిక్కు. ల్యాబ్ ఆలస్యమైతే లెక్చరర్ సంతకంతో చిట్టీ తెచ్చుకోవాలా, డిపార్ట్‌మెంటు నుంచి ఫోను చేస్తే చాలా అన్నది ముందే అడిగి పెట్టుకోండి.

ఇంటికి పంపడం సాధారణంగా నెలకు ఒకసారి. చూడటానికి వచ్చే రోజు చాలా చోట్ల రెండో ఆదివారం. చేరిన మొదటి నెల అసలే పంపని హాస్టళ్లున్నాయి. అది కఠినంగా తోచినా నా లెక్కలో సరైన నియమమే. మొదటి వారం ఏడుపు ఫోనుకు లొంగి శనివారం ఇంటికి తెచ్చుకున్న పిల్లలు సోమవారం మళ్లీ మొదటి రోజు నుంచి మొదలుపెట్టాల్సి వస్తుంది. మూడు వారాలు గడిస్తే పక్క మంచం పిల్లతో జత కలుస్తుంది.

విజిటర్ కార్డు మీద ఎవరెవరి ఫొటోలు అంటించారో వాళ్ల వెంటే పంపుతారు. అమ్మానాన్నల ఫొటోలు ఇచ్చి ఊరుకోవద్దు. హనుమకొండలోనో వరంగల్‌లోనో ఉండే పెదనాన్నో మేనమామో ఎవరో ఒకరి ఫొటో, నంబరు కూడా పెట్టించండి. జ్వరమొచ్చి రాత్రి వరంగల్‌లోని ఎంజీఎం ఆసుపత్రికి తీసుకుపోవాల్సి వస్తే భూపాలపల్లి నుంచి మీరు చేరుకోవడానికి దాదాపు రెండు గంటలు. అప్పుడు ఆ కార్డు మీద ఉన్న దగ్గరి మనిషే దిక్కు. ఔట్‌పాస్‌కు అనుమతి అడిగే ఫోను కూడా రిజిస్టర్లో రాసిన నంబరు నుంచే రావాలి. మీరు సిమ్ మారిస్తే అదే రోజు హాస్టల్‌కు రాతపూర్వకంగా చెప్పండి. కొత్త నంబరు నుంచి చేస్తే, గొంతు గుర్తుపట్టినా సరే, ఇవ్వరు.

బస్సు సంగతి: 2023 డిసెంబరు 9 నుంచి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్‌లలో ఆడవాళ్లకు టికెట్ లేదు కనుక తెలంగాణ చిరునామా ఉన్న ఆధార్ బ్యాగులో ఉండాలి. ఉచితమే, అందుకే ఆదివారం సాయంత్రం మీ వైపు నుంచి హనుమకొండ బస్సుల్లో కాలు పెట్టే సందుండదు. గేటు టైముకు అందాలంటే మధ్యాహ్నం అన్నం తినగానే ఎక్కించాలి. మేడారం జాతర ఏడాదైతే ఆ వారంలో ఇంటికి తెచ్చుకునే ఆలోచనే వద్దు. ములుగు, భూపాలపల్లి దారులన్నీ జాతర బస్సులతో నిండిపోతాయి.

ఫోను విషయంలో మూడు రకాల హాస్టళ్లున్నాయి: పూర్తిగా వద్దనేవి, తీసి దాచి సాయంత్రం ఒక గంట ఇచ్చేవి, డిగ్రీ పిల్లలని పట్టించుకోనివి. ఏ రకమైనా ఒక పని మాత్రం చేరకముందే చేయండి. ఆధార్‌కు, బ్యాంకు ఖాతాకు, స్కాలర్‌షిప్ దరఖాస్తు వెబ్‌సైటు ఈ-పాస్‌కు ఏ నంబరు ఉందో చూసుకుని, ఓటీపీ వచ్చే ఆ ఫోను ఎవరి దగ్గర ఉండాలో తేల్చుకోండి. స్కాలర్‌షిప్ రెన్యూవల్ చివరి రోజున ఓటీపీ ఫోను వార్డెన్ బీరువాలో ఉండి, బీరువా తాళంచెవి ఊరికిపోయిన సిస్టరు దగ్గర ఉంటే చేసేదేమీ లేదు. ఓటీపీ నంబరు నాన్న ఫోనులో ఉండి, హాస్టల్ లాండ్‌లైన్ నుంచి అడిగి తెలుసుకునే పద్ధతే అన్నిటికంటే సుఖం.

మెస్ బిల్లు

రెండు పద్ధతులు. ఒకటి, ఏడాదికింత అని ఒకేసారి కట్టేది. ఇందులో తిన్నా తినకపోయినా లెక్క లేదు. రెండోది డివైడింగ్ సిస్టం. నెలలో బియ్యం, పప్పు, నూనె, గ్యాసు, కూరగాయలు, పాలు, వంటవాళ్ల జీతాలు అన్నీ కలిపి, ఆ నెల పిల్లల మొత్తం హాజరు రోజులతో భాగిస్తారు. ఉదాహరణకు 150 మంది 30 రోజులున్నారు, అంటే 4,500 రోజులు. ఖర్చు 3,60,000 అయితే రోజుకు 80 రూపాయలు. మీ బిడ్డ 24 రోజులే ఉంటే 1,920. దసరా నెలలో చాలామంది ఇళ్లకు పోయినా వంటవాళ్ల జీతాలు తగ్గవు కనుక ఆ నెల రోజువారీ రేటు పెరుగుతుంది. సెలవులున్న నెలలో బిల్లు ఎందుకు ఎక్కువొచ్చిందని తల్లిదండ్రులు గొడవపడేది దీనికే.

లేని రోజులకు తగ్గింపు ఊరికే ఇవ్వరు. కనీసం వరసగా ఇన్ని రోజులు లేకపోతేనే అని ఒక హద్దు పెడతారు, పైగా ముందురోజే మెస్ రిజిస్టర్లో రాయాలి. ఆ హద్దు ఎంతో అడగండి. మూడు రోజులైతే పండుగకు కలిసొస్తుంది, ఏడు రోజులైతే దసరాకు తప్ప ఎప్పుడూ రాదు.

తిండి మన వైపు తిండే. టిఫినుకు ఉప్మా, కిచిడీ, పులిహోర, వారంలో ఒకట్రెండు రోజులు ఇడ్లీ. మధ్యాహ్నం బాక్సు. రాత్రి పప్పు, ఒక కూర, చారు లేదా పచ్చిపులుసు. గుడ్డు వారానికి రెండుసార్లు, ఆదివారం కోడికూర. మాంసం తిననివాళ్లుంటే చేరేటప్పుడే రాయించాలి, ఆ రోజు బదులుగా ఏమిస్తారో, అరటిపండా, పెరుగా, వేరే కూరా అన్నదీ అడగాలి. ఒకే గరిటె రెండు గిన్నెల్లో తిరగకూడదన్నంత పట్టింపు మీకుంటే మాత్రం ఈ హాస్టలే కాదు, ఏ హాస్టలూ కుదరదు. క్యాథలిక్ హాస్టళ్లలో విభూతి బుధవారం మొదలుకుని ఈస్టర్ దాకా తపస్సు కాలం, ఆ శుక్రవారాల్లో మాంసం వండరు, గుడ్ ఫ్రైడే నాడు వంట చాలా సాదాగా ఉంటుంది.

ఇంటి నుంచి సకినాలు, కారప్పూస, తొక్కు పంపండి, కానీ గాజు సీసాలో వద్దు. బిగుతు మూత ఉన్న స్టీలు డబ్బా, కిలోకు మించకుండా. సర్వపిండి, అప్పాల వంటివి రెండు రోజుల్లో అయిపోయేంతే. మంచం కింద తీపి మిగిలితే చీమలు, చీమల వెనక ఎలుకలు. అప్పుడు తినుబండారాలే వద్దని నోటీసు పెడతారు, అందరికీ నష్టం.

డార్మిటరీలో మంచం ఎంచుకోవడం

ఇది చిన్న విషయమనుకుంటారు గానీ ఏడాదంతా నిద్ర దీని మీదే ఆధారపడుతుంది. చేరే రోజు పొద్దున్నే వెళ్తే ఎంచుకునే వీలుంటుంది. బాత్రూం తలుపుకు ఎదురు మంచం వద్దు, రాత్రంతా చెప్పుల చప్పుడు, లైటు. కిటికీ పక్క మంచం ఎండాకాలం బాగుంటుంది గానీ ముసురు పట్టినప్పుడు జల్లు కొడుతుంది, డిసెంబరులో చలి గాలి. కిటికీ నుంచి రెండో మంచం మంచిది. పై అంతస్తు స్లాబు కింద ఏప్రిల్‌లో రాత్రి పదింటికి కూడా వేడి దిగదు, బంకర్ మంచం పైది అయితే మరీ. కింది అంతస్తులో దోమలెక్కువ, వానలకు చెమ్మ. మధ్య అంతస్తు దొరికితే వదలొద్దు.

మంచం మీద సామాను పెట్టకముందే నల్లులు చూడండి. ఫోను లైటు వేసి ఇనుప మంచం నాలుగు మూలల్లో బోల్టులు బిగించిన చోట, ప్లైవుడ్ పలక అంచుల్లో, గోడ పగుళ్లలో వెతకండి. సిరాబొట్టు పెట్టినట్టు చిన్న నల్లమచ్చలు, పాత పొట్టు కనబడితే అది నల్లుల చోటు. మంచం మార్చమని అడగండి, లేదా మందు కొట్టాకే పరుపు వేయండి. పరుపుకు నల్లులు ఒకసారి పట్టాయంటే వదిలించడం కష్టం.

పరుపు కొనే ముందు మంచం కొలత అడగండి. రెండున్నర అడుగుల వెడల్పు మంచానికి మూడడుగుల పరుపు కొంటే అంచు వేలాడుతుంది, రాత్రి పొర్లి కింద పడతారు.

సామాను: తాళం పడే సందుగ ఒకటి, మంచం కింద పట్టే ఎత్తుదే (నేల నుంచి మంచం పట్టీ దాకా కొలిచి కొనండి). రెండు తాళాలు, ఒక్కోదానికి రెండేసి చెవులు, రెండోది ఇంట్లో. దుప్పట్లు మూడు, రగ్గు ఒకటి, తువ్వాలలు రెండు. పలచటి కాటన్‌వైతే వానాకాలం కూడా ఆరతాయి, టర్కీ తువ్వాలలు ఆరవు. నాలుగు మూలలా తాళ్లతో కట్టే సింగిల్ దోమతెర. 16 నుంచి 20 లీటర్ల బకెట్, మగ్గు, రెండింటి మీదా పెయింటుతో పేరు. అరల స్టీలు ప్లేటు, గ్లాసు, చెంచా, టిఫిను బాక్సు, లీటరు నీళ్ల సీసా. లోదుస్తులు ఎనిమిది జతలు, ఎందుకంటే జులై, ఆగస్టులో మూడు రోజులకు గానీ ఆరవు. ఇరవై బట్టల క్లిప్పులు. బట్టలన్నిటి మీదా లోపలి వైపు హాస్టల్ నంబరు దారంతో కుట్టండి, చాకలి దగ్గర పెన్ను గుర్తులు పోతాయి. పాస్‌పోర్టు ఫొటోలు పది, ఆధార్, కులం, ఆదాయం, టీసీ, మెమోల జిరాక్సులు ఆరేసి. బంగారం వద్దు, చెవికమ్మలు తప్ప.

హీటర్ రాడ్, కరెంటు కెటిల్ కొనకండి. ఏ హాస్టల్లోనూ ఒప్పుకోరు, దానికి గట్టి కారణముంది. డార్మిటరీ గోడకుండే చిన్న ప్లగ్గు 5 ఆంపియర్లది, 230 వోల్టుల మీద అది మోయగలిగేది 1,150 వాట్లు. 1,500 వాట్ల రాడ్ ఆరున్నర ఆంపియర్లు లాగుతుంది. ఒకరు పెడితే ప్లగ్గు వేడెక్కుతుంది, ఇద్దరు పెడితే వైరింగ్ కాలుతుంది లేదా ఎంసీబీ (లోడు ఎక్కువైతే కరెంటు ఆపేసే స్విచ్చు) పడిపోయి అంతస్తంతా చీకటి. వేడినీళ్లు కావాలంటే సోలారో, కట్టెల బాయిలరో ఉందా, చలికాలంలో ఏ టైముకు నీళ్లిస్తారు అని అడగండి.

ఒంటికి వచ్చే తంటాలు

డార్మిటరీలో మొదటి వానాకాలం గజ్జి, తామర రెండూ రావచ్చు. వీటిని కలగాపులగం చేసి మెడికల్ షాపులో అడిగి ఏదో ట్యూబు రాయడంతోనే ముదురుతుంది. రాత్రిపూట దురద ఎక్కువై, వేళ్ల సందుల్లో, మణికట్టు దగ్గర, నడుం చుట్టూ చిన్న పొక్కులుంటే అది గజ్జి అనుకోవాలి. దానికి డాక్టర్లు సాధారణంగా పర్మెత్రిన్ 5 శాతం క్రీము రాస్తారు. దురద ఉన్నచోట మాత్రమే రాస్తే పోదు. మెడ నుంచి అరికాళ్ల దాకా, గోళ్ల కింద కూడా, రాత్రి రాసి 8 నుంచి 14 గంటల తర్వాత స్నానం చేయాలి, వారానికి మళ్లీ ఒకసారి. అన్నిటికన్నా ముఖ్యం, పక్క మంచాలవాళ్లు కూడా అదే రాత్రి రాసుకోవాలి. ఒక్కరే రాసుకుంటే పది రోజుల్లో తిరిగొస్తుంది. దుప్పట్లు, బట్టలు వేడినీళ్లలో ఉతికి ఎండలో ఆరేయాలి, ఉతకలేనివి ప్లాస్టిక్ సంచిలో మూటకట్టి వారం పక్కన పెట్టాలి. మందు పనిచేశాక కూడా రెండు మూడు వారాలు దురద ఉండొచ్చు, అది చూసి మళ్లీ మళ్లీ రాయొద్దు.

గుండ్రటి మచ్చ, అంచు ఎర్రగా లేచి మధ్యలో తేటగా ఉంటే తామర. స్టెరాయిడ్ కలిసిన ట్యూబులు రాస్తే రెండు రోజులు తగ్గినట్టుండి తర్వాత ఒళ్లంతా పాకుతుంది. తడి బట్టలు కట్టుకోవడం, ఒకరి తువ్వాల ఒకరు వాడటం మానాలి, చర్మ డాక్టరుకు చూపించాలి.

పారాసిటమాల్, ఓఆర్‌ఎస్ పొట్లాలు తప్ప మందులు పిల్లల దగ్గర ఉంచనివ్వరు. ఆస్తమా పంపు, ఫిట్స్ మందు లాంటివుంటే డాక్టరు చీటీ జిరాక్సు వార్డెన్‌కు ఇచ్చి, పంపు మాత్రం బిడ్డ చేతిలోనే ఉండేలా రాయించుకోండి. రాత్రి రెండింటికి ఆయాసమొస్తే ఆఫీసు తాళం తీసేదాకా ఆగలేం.

ర్యాగింగ్ గురించి మీరు అడగలేదు గానీ చెప్పాలి. యూజీసీ (విశ్వవిద్యాలయాల నిధుల సంఘం) 2009 నిబంధనల ప్రకారం చేరేటప్పుడే విద్యార్థీ, తల్లిదండ్రులూ హామీపత్రం ఇవ్వాలి. దేశవ్యాప్త హెల్ప్‌లైన్ 1800-180-5522, రోజంతా పనిచేస్తుంది. ఆడపిల్లల హాస్టళ్లలో ర్యాగింగ్ సాధారణంగా కొట్టడం రూపంలో ఉండదు. సీనియర్ల బకెట్లు నింపడం, బట్టలుతకడం, రాత్రి పాటలు పాడించడం, ఇట్లా ఉంటుంది, పిల్లలు దాన్ని పెద్దవాళ్లకు చెప్పుకునేదిగా అనుకోరు. మీరే ఫోనులో "నీళ్లు ఎవరి బకెట్లో పడుతున్నావు బిడ్డా" అని అడిగితే తెలుస్తుంది.

స్కాలర్‌షిప్, డిపాజిట్

ఫీజు రీయింబర్స్‌మెంటు కాలేజీ ఫీజుకే, హాస్టల్ ఖర్చుకు కాదు. హాస్టల్‌కు వచ్చేది మెయింటెనెన్స్ (వసతి, తిండి ఖర్చుల కింద ఇచ్చే డబ్బు), అదీ ఈ-పాస్ దరఖాస్తులో కాలేజీ అటాచ్డ్ హాస్టల్ అని పడితేనే ఆ రేటు. మీసేవలో తొందరలో డే స్కాలర్ అని కొట్టేస్తారు, తక్కువ రేటు వస్తుంది. సబ్మిట్ కొట్టకముందు ఆ ఒక్క గడి మీరే చూడండి. ఈ-పాస్‌కు 75 శాతం హాజరు ఉండాలి. డబ్బు ఎప్పుడు పడుతుందో చెప్పలేం, దాని మీద ఆధారపడే పరిస్థితి లేదు, కనుక హాస్టల్ బిల్లుకు సొంత ఏర్పాటు ఉండాలి.

కాషన్ డిపాజిట్ రసీదు ఒరిజినల్ ఇంట్లో దాచండి. మూడేళ్ల తర్వాత అది లేకుంటే తిరిగి ఇవ్వడానికి తిప్పుతారు. మధ్యలో మానేస్తే ఎంత తిరిగిస్తారు, నోటీసు ఎన్ని రోజుల ముందివ్వాలి అన్నది దరఖాస్తులో ఉందో లేదో చూడండి, లేకపోతే అడిగి అదే రసీదు వెనక రాయించుకోండి. మంచం, అర, కిటికీ అద్దం ఎట్లా ఉన్నాయో చేరిన రోజే ఫోనులో ఫొటోలు తీసి పెట్టుకోండి. పాత పగుళ్లకు డిపాజిట్లో కోత పెడితే చూపించడానికి అవే ఉంటాయి.

మీ బిడ్డ చేరే హాస్టల్ దరఖాస్తు ఫారం చేతికొచ్చాక, అందులో ఏ వాక్యమైనా అర్థం కాకపోతే పేర్లు, నంబర్లు కప్పేసి ఇక్కడ పెట్టండి, చూసి చెప్తాను.